బెల్జియంలో శని ఆదివారాలు: దగ్గరి దారులు, చిన్న ఆనందాలు

ఉద్యోగం మీదో చదువు మీదో బెల్జియం వచ్చిన తెలుగువారిలో చాలామంది మొదటి ఏడాది తిరగక ముందే పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ చుట్టివస్తారు గానీ, బ్రసెల్స్ నగరం అంచునే ఆనుకొని ఉన్న అడవిని మాత్రం సామాన్లు సర్దుకునే నెలలో గానీ చూడరు. నేనూ మొదటి రెండేళ్ళు అలాగే గడిపాను. శుక్రవారం రాత్రి బస్సెక్కి, ఆదివారం అర్ధరాత్రి ఇల్లు చేరి, సోమవారం ఉదయం కళ్ళు మండుతుండగా ఆఫీసుకు వెళ్ళడమే విహారమనుకున్నాను. ఈ దేశ వైశాల్యం సుమారు 30,700 చదరపు కిలోమీటర్లు మాత్రమే, అంటే తెలంగాణలో మూడో వంతు కూడా లేదు. సముద్రమైనా, కొండలైనా, మధ్యయుగపు పట్టణమైనా రెండు గంటల రైలు ప్రయాణానికి మించదు. కాబట్టి ఇక్కడి వారాంతానికి ఒక్కటే సూత్రం చాలు: ఒక రోజుకు ఒకే చోటు, పొద్దున వెళ్ళి రాత్రి భోజనానికి ఇంటికి చేరడం, నచ్చితే రుతువు మారాక మళ్ళీ వెళ్ళడం. దానిని ఎలా అమలు చేయాలో వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: పనులు శనివారం, ప్రయాణం ఆదివారం

మన ఊళ్ళలో ఆదివారం బజారు కళకళలాడుతుంది. ఇక్కడ అందుకు విరుద్ధంగా ఆదివారం నాడు చాలా దుకాణాలు మూసే ఉంటాయి. కొన్ని సూపర్‌మార్కెట్లు మధ్యాహ్నం వరకు మాత్రమే తెరుస్తారు. అందువల్ల కూరగాయలు కొనడం, బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బుకోవడం వంటివన్నీ శనివారం ముగించుకొని, ఆదివారాన్ని బయటికి వదిలిపెట్టడం మేలు. పర్యాటక పట్టణాలకు, ముఖ్యంగా బ్రూజ్‌కు, ఈ నియమం తిరగేసినా నష్టం లేదు, ఎందుకంటే అక్కడ వారాంతమంతా జనం కిక్కిరిసి ఉంటారు. వీలుంటే ఒక పనిరోజు సెలవు పెట్టి వెళ్ళడమే ఉత్తమం.

బయలుదేరే సమయాన్ని నిర్ణయించేది గడియారం కాదు, పగటి వెలుతురు. జూన్ నెలాఖరున బ్రసెల్స్‌లో సూర్యుడు రాత్రి పది గంటలకు అస్తమిస్తాడు కాబట్టి తీరికగా భోజనం చేసి మధ్యాహ్నం బయలుదేరినా సముద్రాన్ని తనివితీరా చూడవచ్చు. డిసెంబరులో తెల్లవారేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది. ఆ రోజుల్లో అడవులకు, కొండలకు వెళ్ళదలచినవారు ఉదయం తొమ్మిదికల్లా రైల్లో ఉండాలి. లేదా చీకట్లోనే అందంగా కనిపించే పట్టణాన్ని ఎంచుకోవాలి.

వాన గురించి ఒక మాట. ఇక్కడి వాన మన వానలాగా ఉరిమి, కుండపోతగా కురిసి వెలిసిపోదు. ముసురు పట్టి, ఆగినట్టే ఆగి, మళ్ళీ తుంపరగా మొదలవుతుంది. వాన వస్తుందేమోనని ప్రయాణం మానుకుంటే ఏడాదిలో సగం ఆదివారాలు ఇంట్లోనే గడిచిపోతాయి. ఫోన్‌లో వానమబ్బుల కదలికను చూపే రాడార్ యాప్ ఒకటి పెట్టుకుంటే, వచ్చే రెండు గంటల్లో ఎక్కడ పొడిగా ఉంటుందో ఇంచుమించుగా తెలుస్తుంది. గొడుగు కన్నా తలకప్పు ఉన్న రెయిన్‌కోటు ఉపయోగం, ఎందుకంటే తీరప్రాంతపు గాలికి గొడుగు రెండు నిమిషాలు కూడా నిలవదు.

రెండవ మెట్టు: రైలును అర్థం చేసుకోవడం

ఐరోపా ప్రధాన భూభాగంలో ఆవిరి ఇంజనుతో నడిచిన తొలి ప్రయాణికుల రైలుమార్గం 1835 మేలో బ్రసెల్స్, మెకెలెన్ పట్టణాల మధ్య ఇక్కడే మొదలైంది. ఆ వారసత్వం వల్లనే ఇంత చిన్న దేశంలో ఇంత దట్టమైన రైలు వల ఉంది. బ్రసెల్స్ నుంచి లూవెన్‌కు అరగంట లోపు, గెంట్‌కు అరగంట పైచిలుకు, ఆంట్‌వెర్ప్‌కు ముప్పావు గంట, బ్రూజ్‌కు, లియేజ్‌కు గంట, ఓస్టెండ్‌కు గంటంబావు పడుతుంది. వారాంతానికి, రద్దీలేని వేళలకు వర్తించే రాయితీలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనే ముందు రైల్వే యాప్‌లో ఒకసారి సరిచూసుకోవాలి. పెద్దవారి వెంట ప్రయాణించే 12 ఏళ్ళ లోపు పిల్లలకు శని ఆదివారాల్లో ఛార్జీ ఉండదు. టికెట్టు లేకుండా ఎక్కి కండక్టరు దగ్గర కొంటే అదనంగా చెల్లించాలి.

కొత్తవారిని నిజంగా తికమకపెట్టేవి ఊళ్ళ పేర్లు. డచ్చి మాట్లాడే ప్రాంతం దాటి ఫ్రెంచి ప్రాంతంలోకి అడుగుపెట్టగానే బోర్డుల మీదా, రైల్లో వినబడే ప్రకటనల్లోనూ పేరు మారిపోతుంది. లియేజ్, లూయిక్ ఒకే నగరం. మోన్స్, బెర్గెన్ ఒకే ఊరు. నమూర్‌ను నామెన్ అనీ, కోర్ట్రైక్‌ను కూర్త్రే అనీ, మెకెలెన్‌ను మాలీన్ అనీ రాస్తారు. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు లూవెన్. దాని ఫ్రెంచి పేరు లువాఁ, అయితే ‘లువాఁ-లా-నవ్’ అనేది పూర్తిగా వేరే ఊరు. 1968లో లూవెన్‌లోని పాత విశ్వవిద్యాలయం భాషల తగవుతో రెండుగా చీలినప్పుడు, ఫ్రెంచి భాగం కోసం పొలాల మధ్య కొత్తగా కట్టిన పట్టణమది. లూవెన్‌లో ఉండే మమ్మల్ని చూడడానికి వచ్చిన మా బావమరిది నేరుగా అక్కడికే చేరి, స్టేషను బయట నిలబడి, మీ ఇంటి దగ్గరి గ్రంథాలయ గోపురం కనబడడం లేదేమిటని ఫోన్ చేశాడు. ప్రయాణానికి ముందు దిగవలసిన స్టేషను పేరును రెండు భాషల్లోనూ రాసిపెట్టుకుంటే ఈ బాధ ఉండదు. బ్రసెల్స్‌లోనే నార్, సెంట్రల్, మిడి అని మూడు పెద్ద స్టేషన్లున్నాయి, వాటిలో పాత నగరానికి దగ్గరిది సెంట్రల్.

మూడవ మెట్టు: సంచి సర్దుకోవడం

పులిహోర, పెరుగన్నం, ఒక సీసాలో నీళ్ళు: ఈ మూడింటికీ ప్రత్యామ్నాయం లేదు. ఇక్కడి హోటళ్ళలో అడగగానే గ్లాసుతో నీళ్ళు ఇచ్చే ఆనవాయితీ లేదు, సీసా నీళ్ళు కొనుక్కోవలసిందే, అది ఒక్కోసారి కాఫీ అంత ఖరీదు కూడా కావచ్చు. చాలా హోటళ్ళ వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటాక మూసివేసి సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో మళ్ళీ తెరుస్తారు కనుక, మూడింటికి ఆకలేస్తే కాఫీ, వాఫిల్ తప్ప మరేమీ దొరకని పరిస్థితి తరచుగా వస్తుంది. టిఫిన్ డబ్బా చేతిలో ఉంటే ఆ చింత లేదు. పార్కు బల్ల మీద కూర్చొని డబ్బా విప్పి తినడాన్ని ఎవరూ వింతగా చూడరు, ఇక్కడి కుటుంబాలు కూడా రొట్టెముక్కలు కట్టుకొనే వస్తాయి. ఆవకాయ మూత మాత్రం రైల్లో తీయకపోవడం మర్యాద.

చిల్లర నాణేలు తప్పనిసరి, ఎందుకంటే స్టేషన్లలోనూ కొన్ని కాఫీ హోటళ్ళలోనూ మరుగుదొడ్డికి అర యూరో నుంచి యూరో దాకా ఇవ్వాలి. క్రెడిట్ కార్డును అంగీకరించని చిన్న దుకాణాల్లో కూడా స్థానిక బ్యాంకువారు ఇచ్చే బాంకాంటాక్ట్ కార్డు పనిచేస్తుంది.

నాల్గవ మెట్టు: ఇక్కడి తిండిలో ఒక్కటి ఎంచుకోవడం

అన్నం ఇంటిదైనా, ప్రతి ప్రయాణంలో ఒక్క స్థానిక పదార్థాన్ని రుచి చూడాలని మా ఇంట్లో ఒక నియమం. అన్నిటికన్నా ముందు రావలసినవి బంగాళదుంప వేపుళ్ళు. వాటిని అమ్మే చిన్న కొట్టును డచ్చిలో ఫ్రీట్‌కోట్ అంటారు. దుంప ముక్కలను మొదట తక్కువ వేడిలో ఉడికేలా వేయించి, చల్లార్చి, తినేవారు అడిగాక ఎక్కువ వేడిలో రెండోసారి వేయిస్తారు. పైన కరకర, లోపల మెత్తదనం రావడానికి రహస్యం ఈ రెండు వాయిలే. అయితే శాకాహారులు ఇక్కడొక విషయం తప్పక తెలుసుకోవాలి. సంప్రదాయం ప్రకారం ఈ వేపుడు గొడ్డు కొవ్వులోనే జరుగుతుంది. దానిని డచ్చిలో ఒస్సెవిట్ అనీ, ఫ్రెంచిలో బ్లాఁ ద బెఫ్ అనీ అంటారు. నూనెతో వేయించే కొట్లు కూడా ఉన్నాయి, కాబట్టి మొహమాటపడకుండా అడగాలి. నేను ఈ సంగతి తెలుసుకొనేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి, మా అమ్మగారికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

గుడ్డు విషయంలో పట్టింపు ఉన్నవారికి వాఫిల్ కుదరదు, పిండిలోనే గుడ్డు కలుపుతారు. తినేవారికి మాత్రం రెండు రకాల మధ్య తేడా తెలిసి ఉండాలి: బ్రసెల్స్ వాఫిల్ దీర్ఘచతురస్రంగా, తేలికగా, పొరపొరగా ఉంటుంది, లియేజ్ వాఫిల్ అంచులు సమంగా లేకుండా, ముత్యాల్లాంటి చక్కెర పలుకులు కరిగి పాకం పట్టి, బరువుగా ఉంటుంది. దాని మీద క్రీము, చాక్లెట్టు, స్ట్రాబెర్రీలు కుప్పపోసి అమ్మేది పర్యాటకుల కోసమే. వేడిగా, ఒట్టిగా తినడమే దాని పద్ధతి.

చాక్లెట్టు పెట్టెలు బంధువులకు పంపడానికి పనికివస్తాయి గానీ, మనం తినడానికి మాత్రం దుకాణంలో విడిగా వంద గ్రాములు తూయించుకోవాలి. లోపల మెత్తని పూర్ణం పెట్టిన ‘ప్రలీన్’ను 1912లో ఝాఁ న్యూహాస్ రూపొందించింది బ్రసెల్స్‌లోనే. 1847లో గాజు పైకప్పుతో కట్టిన అంగడి వీధి గాలెరీ సాఁ-ట్యుబేర్‌లో ఆ దుకాణం ఇప్పటికీ ఉంది. పూర్ణంలో మద్యం కలిసిన రకాలూ ఉంటాయి కనుక పిల్లలకు కొనేటప్పుడు ముందే అడగాలి.

ఇక మనవారెవరూ పెద్దగా పట్టించుకోని పదార్థం ఒకటుంది, అది రైస్ట్‌పాప్. బియ్యాన్ని పాలలో ఉడికించి, చక్కెర, కుంకుమపువ్వు వేసి, చల్లారాక పైన గోధుమరంగు చక్కెర చల్లుకొని తింటారు. స్వర్గంలో దీనిని బంగారు చెంచాలతో తింటారని ఇక్కడి డచ్చి మాట్లాడే ఫ్లెమిష్ వాళ్ళకొక నానుడి. యాలకులు లేని పరమాన్నం అనుకుంటే సరిపోతుంది.

మాంసం, చేప, గుడ్డు వద్దని చెప్పడానికి డచ్చిలో ‘ఇక్ ఏట్ ఖేన్ వ్లేస్, ఖేన్ విస్, ఎన్ ఖేన్ ఐయెరెన్’ అనే వాక్యాన్ని బట్టీ పట్టండి. ‘శాకాహారం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే చేప వడ్డించే ప్రమాదం ఉంది.

ఐదవ మెట్టు: మొదటి నాలుగు ప్రయాణాలు

ఏ ఊరితో మొదలుపెట్టాలని అడిగేవారికి నేను ఎప్పుడూ సముద్రమనే చెబుతాను. బెల్జియం తీరం ఈ చివర నుంచి ఆ చివరకు 67 కిలోమీటర్లు మాత్రమే. ఆ పొడవునా, ఫ్రాన్సు సరిహద్దులోని డె పానె నుంచి డచ్చి సరిహద్దు దగ్గరి క్నొక్కె దాకా, ఒకే ట్రామ్ నడుస్తుంది. 1885లో మొదలైన ఈ మార్గం ప్రపంచంలోని అతి పొడవైన ట్రామ్ మార్గాల్లో ఒకటి. చివరి నుంచి చివరి దాకా వెళితే రెండున్నర గంటలకు దగ్గరగా పడుతుంది, కానీ అలా వెళ్ళవలసిన పని లేదు. చేయవలసింది ఇది. డె పానె స్టేషనులో రైలు దిగి, అక్కడే ఎదురుగా ఉన్న ట్రామ్ ఎక్కి, ఒక రోజు పాసు తీసుకొని, మనసుకు నచ్చిన చోటల్లా దిగుతూ ఎక్కుతూ ఓస్టెండ్ చేరి, అక్కడి నుంచి రైల్లో ఇంటికి రావాలి.

దారిలో ఓస్ట్‌డైన్‌కెర్కె అనే ఊరిలో గుర్రాల మీద కూర్చొని సముద్రంలోకి వెళ్ళి వలలు లాగుతూ రొయ్యలు పట్టే మత్స్యకారులు ఇంకా ఉన్నారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రొయ్యల పట్టు ప్రదర్శనలు ఆటుపోట్లను బట్టి ఉంటాయి కాబట్టి వేసవిలో తేదీలు చూసుకొని వెళ్ళాలి. ఓస్టెండ్‌కు అవతల, క్నొక్కె వైపు, డె హాన్ అనే చిన్న ఊరుంది. తెల్లని పాతకాలపు ఇళ్ళతో ఉన్న ఆ ఊరిలో 1933లో జర్మనీకి తిరిగి వెళ్ళలేక ఐన్‌స్టీన్ కొన్ని నెలలు తలదాచుకున్నారు. బల్ల మీద కూర్చున్న ఆయన విగ్రహం పక్కన ఫోటో దిగడానికి పిల్లలు పోటీపడతారు.

అయితే తీరంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇవేవీ కావు. వేసవి సెలవుల్లో ఇక్కడి పిల్లలు ఇసుకలో గుంట తవ్వి, దాని గట్టు మీద దుకాణం పెట్టి, ఇంట్లో తయారుచేసుకొన్న రంగు కాగితాల పువ్వులు అమ్ముతారు. డబ్బు చెల్లదు, గవ్వలే మారకం. ఏ పువ్వుకు ఎన్ని గుప్పిళ్ళ గవ్వలో దుకాణదారు చెబుతారు, బేరమూ ఆడవచ్చు. ఇంట్లో క్రేప్ కాగితంతో నాలుగు పువ్వులు చేసి తీసుకువెళితే, ఒక్క ముక్క డచ్చి రాని పిల్లలు కూడా సాయంత్రానికి స్నేహితులను సంపాదించుకుంటారు. జులైలో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి. విశాఖ సముద్రం అలవాటైనవారు మోకాళ్ళ దాకానే దిగడం మంచిది.

రెండవది అడవి, దీనికి కాలం ముఖ్యం. బ్రసెల్స్‌కు దక్షిణాన హాల్లె ఊరి పక్కనున్న హాల్లెర్‌బాస్ అడవి ఏప్రిల్ రెండవ సగంలో, బీచ్ చెట్లకు లేత ఆకులు పూర్తిగా విప్పుకోకముందే, నేలంతా నీలి అడవి పూలతో నిండిపోతుంది. ఆకులు దట్టమై నీడ పడ్డాక ఆ పూలు వాడిపోతాయి, అందుకే ఆ అవకాశం రెండు, మూడు వారాలకు మించదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆక్రమించిన జర్మన్ సైన్యం ఇక్కడి పెద్ద చెట్లన్నీ నరికి పట్టుకుపోయింది. ఇప్పుడు కనబడేవి ఆ తరువాత నాటినవే. పూల రోజుల్లో హాల్లె స్టేషను నుంచి అడవి దాకా ప్రత్యేక బస్సులు వేస్తారు. దారి దిగి పూల మధ్యకు వెళ్ళకూడదు, కోయకూడదు. తొక్కిన మొక్క కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. బతుకమ్మకు పూలు ఏరి అలవాటైన చేతులకు ఇది కొంచెం కష్టమే అయినా నిగ్రహించుకోవాలి. ఉదయం ఎనిమిదింటికి చేరితే పొగమంచు, పక్షుల కూతలు, మీరు మాత్రమే ఉంటారు, పదకొండు దాటితే తిరునాళ్ళే.

ఏప్రిల్ తప్పిపోయినవారికి అక్టోబరు ఉంది. బ్రసెల్స్‌లో మోంగోమెరీ దగ్గర 44వ నంబరు ట్రామ్ ఎక్కితే, అది సోయింజ్ అడవి అంచు వెంబడి తెర్వ్యూరెన్ దాకా పోతుంది. నిటారుగా, స్తంభాల్లా పెరిగిన బీచ్ చెట్లు రాగిరంగుకు మారే ఆ రోజుల్లో ట్రామ్ కిటికీ పక్కన కూర్చోవడమే ఒక విహారం. ఈ అడవిలోని కొంత భాగాన్ని 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ట్రామ్ ఆగే చివరి చోట పెద్ద చెరువులతో పార్కు ఉంది, పిల్లల బండితో వెళ్ళడానికి అనువైన దారులున్నాయి.

మూడవది గెంట్. బ్రూజ్ అద్దంలో పెట్టిన బొమ్మ అయితే గెంట్ మనుషులు బతుకుతున్న ఊరు. అందుకే రెంటిలో ఒకటే చూడగలిగితే నేను గెంట్‌నే ఎంచుకుంటాను. ప్రధాన స్టేషను పాత ఊరికి రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది కాబట్టి ట్రామ్ ఎక్కడం మంచిది. ఆదివారం ఉదయం కౌటర్ అనే కూడలిలో పూల సంత జరుగుతుంది. అక్కడ కొంచెంసేపు గడిపి, గ్రాస్లై అనే వీధి వెంట నది గట్టున నడిచి, డబ్బా భోజనం ముగించుకొని మధ్యాహ్నానికి సెయింట్ బావో కేథడ్రల్‌కు వెళ్ళాలి. ఉదయం ప్రార్థనలు ఉంటాయి కనుక ఆదివారాల్లో చిత్రపటాన్ని మధ్యాహ్నమే చూడనిస్తారు. హూబెర్ట్, యాన్ వాన్ ఐక్ సోదరులు 1432లో పూర్తిచేసిన ‘మార్మిక గొర్రెపిల్ల ఆరాధన’ అనే ఆ బహుఫలక చిత్రంలో ఒక ఫలకం 1934లో దొంగతనానికి గురై ఇప్పటికీ దొరకలేదు. దాని స్థానంలో ఉన్నది నకలు. ముందు ఏది నకలో కనిపెట్టమని పిల్లలకు పందెం పెడితే, చర్చి అంటే విసుక్కొనేవారు కూడా అరగంట కదలరు. గెంట్ నగరం 2009లోనే గురువారాన్ని శాకాహార దినంగా ప్రకటించింది, మనకు తిండి వెతుక్కోవలసిన అవసరం లేని ఊళ్ళలో ఇదొకటి.

నాలుగవది ఈపర్. ఇది ఆనందయాత్ర కాదు, కానీ భారతీయులు ఒక్కసారైనా వెళ్ళవలసిన చోటు. 1914 అక్టోబరులో మన సైనికులను ఫ్రాన్సు మీదుగా ఈ ఊరి చుట్టుపక్కల బురద కందకాల్లోకి దించారు. అదే నెల 31న దగ్గరలోని హొల్లెబెకెలో చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ పొందిన సిపాయి ఖుదాదాద్ ఖాన్, ఆ పతకం అందుకొన్న తొలి భారతీయ సైనికుడు. మెనిన్ గేట్ గోడల మీద సమాధి కూడా దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కారు, వాటిలో భారతీయుల పేర్లున్నాయి. పక్కనే కోటగోడ మీద భారత సైనికులకు వేరుగా స్మారకం ఉంది. 1928 నుంచి ప్రతి సాయంత్రం ఎనిమిది గంటలకు ఆ ద్వారం కింద రాకపోకలు ఆపి బాకాలు ఊదుతారు. రెండవ ప్రపంచయుద్ధపు ఆక్రమణ కాలంలో మాత్రమే ఆ ఆచారానికి విరామం వచ్చింది. చప్పట్లు కొట్టకూడదు. కార్యక్రమం అయ్యాక తిరుగు రైలు ఎన్నింటికో ముందే చూసుకోవాలి, ఆదివారం రాత్రి అక్కడ రైళ్ళు తక్కువ.

మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను. కొండలు కావాలంటే నమూర్ మీదుగా దినాంత్ వెళ్ళి, మ్యూజ్ నది పక్కన కొండ మీది కోటకు 408 మెట్లెక్కవచ్చు. శాక్సాఫోన్ సృష్టికర్త అడాల్ఫ్ సాక్స్ 1814లో పుట్టిన ఊరది. కారున్నవారు దేశంలో అత్యంత ఎత్తయిన చోటు బోత్రాంజ్‌కు వెళ్ళి, చిత్తడి నేలల మీద వేసిన చెక్కబాటల వెంట నడవవచ్చు. ఎత్తు 694 మీటర్లే కాబట్టి మన తిరుమల కన్నా తక్కువ. ఎర్రజెండా ఎగురుతుంటే నిప్పు ప్రమాదముందని అర్థం, లోపలికి పోకూడదు. డుర్బ్యూయి దగ్గరి పెతీత్ సొమ్‌లో పాత కోటలో నడుస్తున్న ఇస్కాన్ వారి రాధాదేశ్ ఉంది. దర్శనం, శాకాహార భోజనం, ఆర్డెన్ అడవి ఒకేచోట దొరకడం వల్ల అమ్మానాన్నలు వచ్చినప్పుడు మేము తప్పక వెళ్ళే చోటు అదే.

ఆరవ మెట్టు: సైకిలు అంకెలు

సైకిలు తొక్కడం వస్తే డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతమంతా మీదే. లింబర్గ్ బొగ్గుగనులు మూతపడుతున్న కాలంలో, గనుల ఇంజనీరు హ్యూగో బోలెన్ ఒక తేలిక పద్ధతి కనిపెట్టారు. సైకిలు బాటలు కలిసే ప్రతి కూడలికి ఒక అంకె ఇచ్చి, ఒక కూడలి నుంచి పక్క కూడలికి దారి చూపే చిన్న బోర్డులు పెట్టడమే ఆ పద్ధతి. 1995లో అక్కడ మొదలై ఇప్పుడు అంతటా వ్యాపించింది. ఇంటి దగ్గరే పటం చూసి, వెళ్ళవలసిన అంకెలను వరుసగా చీటీ మీద రాసి హ్యాండిలుకు అతికించుకుంటే చాలు, దారిలో ఫోన్ తీయనక్కరలేదు. మొదటిసారి 20 కిలోమీటర్లకు మించవద్దు, ఎదురుగాలి ఇక్కడ కొండతో సమానం. ఏప్రిల్‌లో సింట్-ట్రూడెన్ చుట్టూ బేరి, ఆపిల్, చెర్రీ తోటలు పూతకొచ్చినప్పుడు తొక్కడం, లేదా గెంక్ దగ్గర చెరువు మధ్యగా, నీటిమట్టం కంటికి సమానంగా కనబడేలా 2016లో కట్టిన బాట మీద పోవడం పిల్లలు మరచిపోలేని అనుభవాలు. స్టేషన్లలో అద్దె సైకిళ్ళు దొరుకుతాయి.

ఏడవ మెట్టు: వానపడే ఆదివారాలు, ఏమీ లేని సాయంత్రాలు

నెలలో మొదటి ఆదివారం బ్రసెల్స్‌లోని అనేక ప్రదర్శనశాలలకు ప్రవేశం ఉచితం కాబట్టి ఆ రోజును ముసురుకు కేటాయించవచ్చు. ఆంట్‌వెర్ప్‌లో వాన కురిస్తే నేను షెల్ట్ నది కిందికి దిగిపోతాను. 1933లో తెరిచిన, 572 మీటర్ల పొడవైన పాదచారుల సొరంగంలో అప్పటి చెక్క మెట్ల ఎస్కలేటర్లు ఇంకా కిర్రుకిర్రుమంటూ నడుస్తున్నాయి. నది అవతలి ఒడ్డుకు చేరి వెనుదిరిగి చూస్తే నగరం మొత్తం ఒకే గీతలో కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

ఆదివారం ఉదయం బ్రసెల్స్ మిడి స్టేషను చుట్టూ జరిగే సంత మనవారికి ఇంటి బెంగ తీర్చే చోటు. కొత్తిమీర, పుదీనా కట్టలు, పచ్చిమిరపకాయలు, వంకాయలు సూపర్‌మార్కెట్ కన్నా చౌకగా దొరుకుతాయి, అరుపులూ బేరాలూ మన రైతుబజారును తలపిస్తాయి. పన్నెండు దాటాక ధరలు ఇంకా తగ్గుతాయి గానీ మంచి సరుకు అప్పటికి అయిపోతుంది. పర్సు ముందు జేబులో పెట్టుకోవాలి.

ఊరు కదలని రోజులకూ చిన్న సంతోషాలున్నాయి. వీధి మూలల్లో నాణెం వేస్తే అప్పటికప్పుడు రొట్టెను ముక్కలు కోసి ఇచ్చే యంత్రాలు, పల్లెదారుల పక్కన స్ట్రాబెర్రీలు, బంగాళదుంపలు అమ్మే యంత్రాలు, పాత పుస్తకాలు ఒకటి పెట్టి ఒకటి తీసుకొనే చెక్క అలమరలు: వీటిని వెతుక్కుంటూ అరగంట నడిచినా సాయంత్రం నిండుగా ఉంటుంది. మా లూవెన్‌లో అయితే, 1129లో స్థాపించిన పార్క్ మఠం చెరువుల చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడం నా అలవాటు. అక్కడి గంటలగోపురం మోగే సమయానికి గట్టు మీద కూర్చుంటే, సాయంత్రం హారతి వేళ గుడి బయట నిలుచున్నట్టే ఉంటుంది.

ఎనిమిదవ మెట్టు: క్యాలెండరులో ముందే గీతలు గీసుకోవడం

మే నెలలో క్రీస్తు ఆరోహణ పండుగ ఎప్పుడూ గురువారమే వస్తుంది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే నాలుగు రోజులు చేతికొస్తాయి. ఇక్కడివారు దానిని ‘వంతెన కట్టడం’ అంటారు, జనవరిలోనే అడగకపోతే ఆ సెలవు ఇతరులు పట్టుకుపోతారు. ఏప్రిల్, మే నెలల్లో సుమారు మూడు వారాలు మాత్రమే లాకెన్ రాజభవనపు గాజు ఇళ్ళలోని తోటలను ప్రజలకు తెరుస్తారు, టికెట్లు ముందుగా కొనాలి. సరి సంవత్సరాల ఆగస్టులో బ్రసెల్స్ గ్రాండ్ ప్లేస్‌లో లక్షల పూలతో తివాచీ పరుస్తారు. నేల మీద నిలబడి చూస్తే ముగ్గు పక్కన నిలబడినట్టు రంగులే కనబడతాయి, నమూనా తెలియాలంటే టౌన్‌హాలు బాల్కనీ టికెట్టు తీసుకోవలసిందే. సెప్టెంబరులో ఒక ఆదివారం బ్రసెల్స్‌లో కార్లన్నీ ఆపేస్తారు. ఆ రోజు నగర బస్సులు, ట్రామ్‌లు, మెట్రో ఉచితం. కార్ల సొరంగమార్గాల్లో కూడా చిన్నపిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. సైకిలు లేనివారు ఆ వారం ముందే అద్దెకు చెప్పి ఉంచుకోవాలి, ఆ ఉదయం వెతికితే ఒక్కటీ దొరకదు.